మా బడి పాత రిజిస్టర్లను నిలబెట్టినోళ్లకు దండాలు

దేవరకొండ దిక్కున ఉన్న మా ప్రాథమిక పాఠశాల పాత అడ్మిషన్ రిజిస్టర్లు నాలుగూ మళ్లీ అల్మారాకు చేరినయి. కప్పు కారి తడిసినయి, ఆపైన చెదలు పట్టినయి. చెయ్యి వేసిన ప్రతి ఒక్కరికీ పూర్వ విద్యార్థుల తరఫున కృతజ్ఞతలు.

మొదటి దండం బైండింగ్ అన్నకు. తడిసిన పుస్తకాన్ని ఎండకు పెడితే కాగితం వంకరపోయి పెళుసైతది. అన్న నీడలో, ఫ్యాను గాలికి ఉంచి, పది పేజీలకొక తెల్లకాగితం పెట్టి, అది తడి పీల్చినకొద్దీ మార్చిండు. న్యూస్‌పేపర్ పెట్టనియ్యలేదు, దాని సిరా అంటుతది. చినిగిన అంచులకు చెంచా మైదాకు ఆరు చెంచాల నీళ్లు పోసి ఉడికించిన పలుచటి గంజితో టిష్యూ కాగితం అతికించిండు, అదీ అక్షరాలు లేని చోటనే. గంజి చిక్కగైతే పురుగు పడుతది. ఎప్పుడో వేసిన సెల్లోటేపు చేసిన చెరుపు చెదలు కూడా చెయ్యలేదు. జిగురు పసుపెక్కి సిరాను లాగేసింది. లామినేషన్ మాట వస్తే అన్న గట్టిగా వద్దన్నడు. చేస్తే మళ్లీ విడదియ్యలేం.

ఉర్దూ పేజీలు చదివిపెట్టిన సాబ్‌కు షుక్రియా. నిజాం కాలపు తేదీలన్నీ ఫసలీ అనే అప్పటి సర్కారు క్యాలెండర్‌లో ఉన్నయి. 1352 ఆజూర్ నెల 10 అంటే 1942 అక్టోబర్. ఫసలీ ఏడాది ఆజూర్‌తో మొదలైతది కాబట్టి మన ఏడాది రావాలంటే డిసెంబర్ దాకా 590, జనవరి నుంచి 591 కలపాలె. అన్నిటికీ 590 కలిపితే జనవరి తర్వాత చేరిన పిల్లలందరికీ ఏడాది తప్పుతది. ఉర్దూ అంకెల్లో 2కు, 3కు మధ్య తేడా పంటి లాంటి ఒక్క చిన్న గీతే. సిరా పారిన చోట సాబ్ భూతద్దం పట్టి, ముందు వెనక అడ్మిషన్ నంబర్ల వరుసతో సరిచూసిండ్రు.

పేర్ల కాడ అవ్వలు ఆదుకున్నరు. ఉర్దూలో హ్రస్వాలు సాధారణంగా రాయరు, ళకు, ణకు వేరే అక్షరాలు లేవు. తండ్రి పేరు, వాడ చెప్పంగనే ఇంటిపేరుతో సహా పోల్చిండ్రు. తండా పిల్లల పేర్లు తండా పెద్దమనుషులు సరిజేసిండ్రు.

బడి విడిచిన కారణం గడిలో ‘చాలాకాలం గైర్హాజరు’ అని మాటిమాటికీ కనిపిస్తది. చదువు మీద ఇష్టం లేక కాదు. ఇంటిల్లిపాది పనికి వలసపోతే పేరు కొట్టేసేటోళ్లు, తిరిగొస్తే కొత్త నంబర్‌తో చేర్చుకునేటోళ్లు. ఒక్క పిల్లను ఇద్దరుగా లెక్కపెట్టకుండ పాత, కొత్త నంబర్లను జతచేసి పట్టిక రాసిన చెల్లెళ్లకు ఎంత చెప్పినా తక్కువే.

జిరాక్స్ షాపు తమ్ముడు రిజిస్టర్లను మిషన్ మీద బోర్లించలేదు, వెన్ను విరుగుతదని. గుడ్డ చుట్టిన రెండు ఇటుకల నడుమ సగమే తెరిచి, కిటికీ వెలుతురులో ఫ్లాష్ లేకుండ ఫోటోలు తీసిండు. పైసలు ముట్టలేదు.

ఇప్పుడు రిజిస్టర్లు నూలుగుడ్డలో కట్టి ఇనుప అల్మారాల, గోడకు జానెడు ఎడంగ ఉన్నయి. నకళ్లు పెద్దసారు దగ్గర చూడొచ్చు. మీ ఇంటోళ్ల పేరు తప్పుంటే చీటీ మీద రాసియ్యండి, రిజిస్టర్ మీద మాత్రం పెన్ను పెట్టకండి.