హెడ్‌ఫోన్స్ ఎడమ కప్పులో లోపం, సర్వీస్ సెంటర్ ఇచ్చిన సమాధానంపై ఫిర్యాదు

ఫిర్యాదుల పరిష్కార అధికారి గారికి,

నమస్కారం. మీ వెబ్‌సైట్‌లో నేను నేరుగా కొన్న, ఇంకా వారంటీలోనే ఉన్న నాయిస్ క్యాన్సిలింగ్ (బయటి శబ్దాన్ని అణచే) హెడ్‌ఫోన్స్‌లో ఎడమ కప్పు సరిగా పనిచేయడం లేదని ఫిర్యాదు చేస్తే, మీ సర్వీస్ సెంటర్ వారు “లోపం లేదు, ఈ టెక్నాలజీలో కొంత శబ్దం వినిపించడం సహజం” అని జాబ్ షీట్ మీద రాసి తిప్పి పంపారు. ఆ వాక్యంలో నిజం లేకపోలేదు గానీ, అది నేను చేసిన ఫిర్యాదుకు సమాధానం కాదు. బిల్లు, జాబ్ షీట్ నకళ్లు ఈ లేఖకు జతచేశాను.

ఇంటర్వ్యూల రికార్డింగులు విని అక్షరాల్లో పెట్టడం నా వృత్తి. నేను పనిచేసుకునే గది కిటికీ పక్కనే వీధి ట్రాన్స్‌ఫార్మర్ ఉంది. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్, అంటే సెకనుకు 50 ఆవృత్తులు; ఒక్కో ఆవృత్తికి రెండేసి చొప్పున దాని ఇనుప కోర్ సెకనుకు 100 సార్లు కంపిస్తూ, 100 హెర్ట్జ్ దగ్గర ఎడతెగని హోరు పెడుతుంది. ఎక్కువతక్కువలు లేకుండా ఒకే తీరున సాగే ఇలాంటి హోరును అణచడం కంటే మీ వస్తువుకు తేలికైన పని ఉండదు. కుడి కప్పు ఆ పని చక్కగానే చేస్తోంది. నాయిస్ క్యాన్సిలింగ్ బటన్ నొక్కగానే హోరు దాదాపు పోతుంది. ఎడమ కప్పులో మాత్రం బటన్ నొక్కితే హోరు పెరుగుతోంది, ఆపితే తగ్గుతోంది. నా ఫిర్యాదు సరిగ్గా ఇదే.

ఇలా పెరగడం సహజమని ఎవరైనా ఎలా అంటారో నాకు బోధపడలేదు. బయటి శబ్దాన్ని మైకు పట్టుకుంటే, సర్క్యూట్ దానికి సరిగ్గా తలకిందులైన తరంగాన్ని తయారుచేసి స్పీకర్ ద్వారా వదులుతుంది; ఒకదాని ఎగువ మరొకదాని దిగువతో కలిసి రెండూ చెల్లిపోతాయి. ఇదేమీ వ్యాపార రహస్యం కాదు, 1936లో పౌల్ లూయెగ్ అమెరికాలో పొందిన పేటెంటులోనే ఈ సూత్రం ఉంది. అయితే అంతా సమయం మీద ఆధారపడి ఉంటుంది. తయారైన తరంగం ఒక కంపన కాలంలో ఆరో వంతు కంటే ఎక్కువ తప్పితే, శబ్దం తగ్గకపోగా పెరుగుతుంది. సగం కంపనం తప్పితే ఒత్తిడి రెండింతలవుతుంది. 100 హెర్ట్జ్ వద్ద ఒక కంపనానికి 10 మిల్లీసెకన్లు పడుతుంది కాబట్టి సర్దుకోవడానికి కావలసినంత వ్యవధి ఉంటుంది. 5000 హెర్ట్జ్ వద్ద అదే 0.2 మిల్లీసెకన్లే. అందుకే మాటల్లోని స, ష వంటి పదునైన ధ్వనులను ఈ పద్ధతి అణచలేదు, వాటిని ఎంతోకొంత ఆపేది చెవి చుట్టూ ఆనే కుషనే. పక్కగదిలో మాటలు వినిపిస్తున్నాయని నేను ఫిర్యాదు చేసి ఉంటే మీ వారి సమాధానం సరిపోయేది. నేను ఆ మాటే అనలేదు.

కుషన్ సరిగా అతక్కపోతే తక్కువ హెర్ట్జ్ హోరు సందుల్లోంచి దూరుతుందని తెలుసు కనుక, కళ్లజోడు తీసి, కప్పును అరచేత్తో అదిమి పట్టి చూశాను, తేడా లేదు. హెడ్‌ఫోన్స్‌ను తిరగేసి పెట్టుకుంటే హోరు కుడి చెవిలోకి మారింది కాబట్టి నా చెవి దోషమూ కాదు. లోపం మైకులో ఉందో, సర్క్యూట్‌లో ఉందో తేల్చవలసినవారు మీరు.

సర్వీస్ సెంటర్‌లో జరిగిన పరీక్ష మాత్రం వేరు. అక్కడి టెక్నీషియన్ తన ఫోన్‌లో ఒక పాట పెట్టి, కప్పులను ఒక్కొక్కటిగా చెవికి ఆనించుకుని, “రెండు వైపులా వస్తోంది కదండీ” అన్నారు. పాట రావడం వల్ల స్పీకర్ బాగుందని తెలుస్తుందే గానీ, మైకు గురించి ఏమీ తెలియదు. పైగా కొనుగోలుదారులతో, టీవీల రొదతో నిండిన హాలులో ఈ లోపం బయటపడదు. ఆ తర్వాత ఫర్మ్‌వేర్ (హెడ్‌ఫోన్స్ లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేసి ఇచ్చారు, లోపం అలాగే ఉంది.

మరొక విషయం. మీ ప్రకటనలో కుక్కర్ విజిల్, పసిపాప ఏడుపు బటన్ నొక్కగానే పూర్తిగా మాయమైనట్టు చూపించి, కింద “40 డెసిబెల్స్ వరకు” అని రాశారు. 40 డెసిబెల్స్ తగ్గడమంటే శబ్దపు ఒత్తిడి నూరో వంతుకు పడిపోవడం. అది ఏ హెర్ట్జ్ దగ్గర సాధ్యమో చెప్పకుండా, ఈ పద్ధతికి అందని విజిల్ శబ్దాన్నే ఉదాహరణగా చూపడం వినియోగదారుల రక్షణ చట్టం, 2019 చెప్పే తప్పుదోవ పట్టించే ప్రకటన కిందికి వస్తుందని నా అభిప్రాయం. ప్రకటనలో అన్నీ మాయం చేసి, సర్వీస్ సెంటర్‌లో మాత్రం “కొంత వినిపించడం సహజం” అనడం న్యాయం కాదు.

కాబట్టి రెండు కప్పులనూ నిశ్శబ్దమైన గదిలో, 100 హెర్ట్జ్ ధ్వనితో, నాయిస్ క్యాన్సిలింగ్ మోడ్ పెట్టి ఒకసారి, ఆపి ఒకసారి కొలిపించి, ఆ ఫలితాన్ని నాకు లిఖితపూర్వకంగా ఇవ్వాలని కోరుతున్నాను. ఆ ధ్వనిని ఫోన్ స్పీకర్‌తో వినిపించవద్దని మనవి. అంత తక్కువ హెర్ట్జ్ శబ్దాన్ని అది సరిగా పలికించలేదు. లోపం తేలితే కొత్త సెట్ ఇవ్వండి, లేదా పూర్తి సొమ్ము వాపసు చేయండి. మరోసారి అప్‌డేట్ చేసి పంపడాన్ని మరమ్మతుగా నేను అంగీకరించను.

వెబ్‌సైట్ ద్వారా అమ్మే సంస్థ ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలని, నెలలోగా పరిష్కరించాలని 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలు చెబుతున్నాయి. ఆ గడువు దాటితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో నమోదు చేయించి, మా జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయిస్తాను. వస్తువును పరీక్షకు తీసుకువెళ్లడానికి మీ మనిషి ఎప్పుడు వస్తారో ముందుగా తెలియజేయగలరు.

ఇట్లు,
భవదీయుడు,
మీ వినియోగదారుడు

జతపరచినవి: బిల్లు నకలు, జాబ్ షీట్ నకలు