బీపీ మాత్రలన్నీ ఒకటి కావు

సంపాదకులకు నమస్కారం.

మీ ఆరోగ్యం పేజీలో బీపీ మాత్రలన్నిటినీ ఒకే గాటన కట్టేస్తున్నారు. ప్రాజోసిన్ అనే బీపీ మాత్ర మొదలుపెట్టిన రాత్రే మా నాన్నగారు బాత్రూమ్‌కని లేచి, గోడ పట్టుకుని అలాగే కిందికి జారిపోయారు. మంచం మీద కాసేపు కూర్చుని లేవాలని మాకెవరూ చెప్పలేదు. రక్తనాళాల గోడల్లో ఆల్ఫా-1 రిసెప్టర్ అనే ప్రోటీన్ ఉంటుంది. నిలబడగానే నాళాలను బిగించి, రక్తం కాళ్లలోకి దిగిపోకుండా ఆపడంలో దానిదే ముఖ్యపాత్ర. ప్రాజోసిన్ అడ్డుకునేది దాన్నే. గుండె వేగం తగ్గించే ప్రొప్రనలాల్ అనే మరో బీపీ మాత్ర దారి వేరు, అది బీటా అనే మరో రకం రిసెప్టర్ల మీద పనిచేస్తుంది. ఈ ఆల్ఫా, బీటా తేడాను రేమండ్ ఆల్‌క్విస్ట్ అనే అమెరికన్ శాస్త్రవేత్త 1948లోనే చెప్పాడు. మందు పేరుతోపాటు అది ఎక్కడ పనిచేస్తుందో కూడా రెండు ముక్కలు రాయండి.

– ఒక పాఠకురాలు, ఖమ్మం