పిక్సెల్‌కు ఎన్ని సెంట్లు?

సంపాదకులు గారికి నమస్కారాలు.

పీజీ ప్రవేశాలపై మీ విద్యా పేజీలో ఇటీవల వచ్చిన వ్యాసంలో జియోఇన్ఫర్మాటిక్స్, జీఐఎస్ (పటాలనూ వాటి సమాచారాన్నీ కంప్యూటర్‌తో విశ్లేషించే చదువు) కోర్సులను సాఫ్ట్‌వేర్ కొలువులకు దారితీసే చదువుల వరసలో చేర్చారు. అది వచ్చిన రోజు సాయంత్రమే మా ఊరి నుంచి ఒక తండ్రి ఫోన్ చేసి, ‘మాస్టారూ, మావాడు బీఎస్సీ కంప్యూటర్స్ పూర్తిచేశాడు, దీంట్లో చేర్పించమంటారా? నేర్చుకోవాల్సింది ఆ సాఫ్ట్‌వేర్ ఒక్కటేనటగా’ అని అడిగారు. డిగ్రీ కళాశాలలో ముప్పై ఏళ్లు భూగోళశాస్త్రం చెప్పి, పదవీ విరమణ తరువాత కూడా ప్రాజెక్టు వైవాలకు బయటి పరీక్షకుడిగా వెళ్లివస్తున్నవాణ్ణి కాబట్టి, ఆయనకు ఫోన్‌లో సరిగా చెప్పలేకపోయిన జవాబును మీ పాఠకుల ముందు కొంత వివరంగా ఉంచుతున్నాను. ఉత్తరం పొడుగైనందుకు మన్నించాలి.

జీఐఎస్ అనే పేరులో మొదటి రెండు అక్షరాలు జియోగ్రాఫిక్ ఇన్ఫర్మేషన్, చివరి అక్షరం ‘ఎస్’కు మాత్రం రెండు అర్థాలున్నాయి. 1960లలో కెనడా భూవనరుల లెక్క తేల్చడం కోసం రోజర్ టామ్లిన్సన్ అనే భూగోళశాస్త్రవేత్త పటాలను కంప్యూటర్‌లో ఒకదానిపై ఒకటి పరిచి చూసే ఏర్పాటు చేసినప్పుడు అది సిస్టమ్, అంటే వ్యవస్థ. అలాంటి వ్యవస్థలు లోకమంతా పాకిన తరువాత వాటి వెనక ఉన్న ప్రశ్నలు పైకి వచ్చాయి. గుండ్రని భూమిని బల్లపరుపు కాగితం మీదికి ఎలా దింపాలి, అంచు స్పష్టంగా లేని అడవికో చిత్తడి నేలకో గీత ఎక్కడ గీయాలి, ఒక చోట కొలిచినదాన్ని బట్టి కొలవని పక్కచోటు గురించి ఎంతవరకు చెప్పవచ్చు అనే ఈ ప్రశ్నలు విడిగా ఒక శాస్త్రం కాదగినవని 1992లో మైకేల్ గుడ్‌చైల్డ్ అనే భూగోళశాస్త్రవేత్త ఒక పరిశోధన వ్యాసంలో వాదించి, ఆ అక్షరాన్ని సైన్స్ అని చదవమన్నాడు. మన సిలబస్ పుస్తకాల్లో ఈ రెండో అర్థం ఉంది. తరగతి గదిలో మాత్రం నేను చూసినంతవరకు చాలాచోట్ల మొదటిదే నడుస్తోంది, అందులోనూ ఏ మెనూలో ఏ బటన్ నొక్కాలన్న మేరకే.

రెండేళ్ల కిందట ఒక వైవాలో జరిగినది చెబుతాను. కొల్లేరు పరిసర గ్రామాలకు ముంపు ముప్పు అనే అంశం మీద ఒక అమ్మాయి ప్రాజెక్టు చేసింది. ఎరుపు, నారింజ, పసుపు, ఆకుపచ్చ రంగుల్లో పటం ముచ్చటగా ఉంది. నేల ఎత్తుల సమాచారం ఎక్కడిదమ్మా అంటే, 2000 సంవత్సరంలో అమెరికా స్పేస్ షటిల్ రాడార్‌తో సేకరించిన ఎస్‌ఆర్‌టీఎం నుంచి తీసుకున్నానంది. ఉచితంగా దొరికే సమాచారం, అందరూ వాడేదే. అయితే కొల్లేరు దగ్గర ఎత్తు అన్న మాటకు ఎంత బరువుందో తెలుగు పత్రికలు చదివేవారికి చెప్పనక్కర్లేదు. 1999లో అయిదో కాంటూరు (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీత) వరకు అభయారణ్యంగా ప్రకటించారు, 2006లో ఆ గీత లోపలి చేపల చెరువుల గట్లు కొట్టేశారు, దాన్ని మూడో కాంటూరుకు కుదించాలన్న మాట ఎన్నికల వేళ తప్పకుండా వినిపిస్తుంది. ఆ అయిదు అంటే సముద్రమట్టానికి అయిదు అడుగుల ఎత్తు, సుమారు మీటరున్నర. ఆమె వాడిన సమాచారంలో ఎత్తులు పూర్తి మీటర్లలోనే ఉన్నాయి. అసలు ఎత్తుకూ వాటికీ తేడా కొన్ని మీటర్ల దాకా ఉండవచ్చు. పైగా ఆ రాడార్ చెట్ల తలలను, ఇళ్ల కప్పులను కూడా చాలావరకు నేలగానే జమకడుతుంది. దాంతో మీటరున్నర గీత గీయబోవడమంటే ధాన్యం బస్తాలు తూచే కాటా మీద బంగారం తూచడమే.

ఆమె సొంత ఊరు కూడా ఆ పటంలోనే ఉంది. చూపమంటే చూపింది. ఆకుపచ్చ రంగు, అంటే ముప్పు లేదని అర్థం. ‘మీ ఊళ్లోకి నీళ్లు రావా అమ్మా?’ అని అడిగాను. కాసేపు తటపటాయించి, ‘వస్తాయి సార్. బుడమేరు పొంగితే ముందు పడమటి వీధిలోకే వస్తాయి. మా అమ్మమ్మ వాళ్లు బియ్యం బస్తాలు అటక మీదికి ఎక్కించేస్తారు’ అంది. మరి పటంలో ఎందుకు రాలేదంటే, సాఫ్ట్‌వేర్‌లో అలా వచ్చింది సార్ అంది. ఊరి చుట్టూ కొబ్బరిచెట్లు బాగా ఉన్నాయా అని అడిగితే ఉన్నాయంది, నేనెందుకు అడిగానో మాత్రం ఆమెకు తెలియలేదు. తాను కళ్లారా చూసిన నీటి జాడ కూడా ఒక ఆధారమేనని, యంత్రం ఇచ్చిన రంగును దానితో సరిపోల్చుకోవాలని ఆ రెండేళ్ల కోర్సులో ఆమెకు ఎవరూ చెప్పలేదు. మార్కులు బాగానే వేశాను. తక్కువ వేయాలంటే ఆ అమ్మాయికి కాదు, మా అధ్యాపక వర్గానికి వేయాలి.

నేను ప్రతి వైవాలోనూ తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది: మీరు వాడిన ఉపగ్రహ చిత్రంలో ఒక పిక్సెల్, అంటే చిత్రంలోని అతి చిన్న గడి, నేల మీద ఎన్ని సెంట్లు? ఇది చిలిపి ప్రశ్న కాదు. పది మీటర్ల పిక్సెల్ అంటే వంద చదరపు మీటర్లు, మన లెక్కలో సుమారు రెండున్నర సెంట్లు. ముప్పై మీటర్ల పిక్సెల్ అయితే దాదాపు 22 సెంట్లు. మన దేశం 1988 మార్చిలో పంపిన తొలి పూర్తిస్థాయి దూరగ్రాహక (రిమోట్ సెన్సింగ్) ఉపగ్రహం ఐఆర్‌ఎస్-1ఎలోని ఒక కెమెరాకు పిక్సెల్ 72.5 మీటర్లు, అంటే ఎకరా ముప్పై సెంట్లు. ఈ చిన్న గుణకారం చేసుకున్న విద్యార్థి ముప్పై మీటర్ల చిత్రంలో పాతిక సెంట్ల తమలపాకు తోటలను విడివిడిగా గుర్తించానని ఎన్నడూ రాయడు, ఎందుకంటే తోటా, గట్టూ, పక్కనున్న అరటీ ఒకే గడిలో కలిసిపోతాయని అతనికి ముందే తెలిసిపోతుంది. ఆ ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పినవాళ్లు నాకు బహు కొద్దిమందే తగిలారు. వాళ్లలో ఎక్కువమంది సేద్యం చేసే ఇళ్ల పిల్లలు.

పటాల అక్షరమాలలో మరో పాఠం ప్రక్షేపాలది, అంటే గుండ్రని భూమిని బల్లపరుపు పటంగా మార్చే పద్ధతులది. దీన్ని సూత్రాలతో చెప్పి పరీక్షలో రాయించి వదిలేస్తాం గాని, మన రాష్ట్రాల్లోనే దీనికి ఎంత చక్కని ఉదాహరణలున్నాయో చూపం. యూటీఎం అనే ప్రక్షేప పద్ధతిలో భూగోళాన్ని ఆరేసి డిగ్రీల రేఖాంశ మండలాలుగా (జోన్లుగా) కోస్తారు. 78 డిగ్రీల రేఖ మహబూబ్‌నగర్ పట్టణాన్ని దాదాపు ఒరుసుకుంటూ, కర్నూలుకు కాస్త పడమరగా దిగుతుంది. ఆ రేఖకు అవతల ఆదోని, అనంతపురం, నారాయణపేట, జహీరాబాద్ 43వ మండలంలోకి వెళితే, ఇవతలి ప్రాంతమంతా 44లో ఉంటుంది. 84 డిగ్రీలు దాటిన పలాస, ఇచ్ఛాపురం 45లో పడతాయి. ఆంధ్రప్రదేశ్ ఒక్కటే మూడు మండలాల్లో పరుచుకుని ఉందన్నమాట. 43వ మండలంలోని ఆదోని కొలతలను ఏమరుపాటున 44వ మండలానివని చెబితే కంప్యూటర్ ఏ అభ్యంతరమూ చెప్పకుండా ఆదోనిని ఆరు డిగ్రీలు తూర్పుకు నెట్టి బంగాళాఖాతంలో ముంచుతుంది.

ఆ పొరపాటు ఎవరి కంటికైనా కనిపిస్తుంది కాబట్టి పెద్ద ప్రమాదం లేదు. ప్రమాదమంతా చిన్న పొరపాటుతోనే. ఎవరెస్ట్ పేరిట ఉన్న భూమి నమూనా మీద తయారైన పాత టోపోషీట్లను (ఎత్తుపల్లాలు, ఊళ్లు, కాలవలు చూపే పటాలను) ఇప్పటి జీపీఎస్ వాడే డబ్ల్యూజీఎస్-84 నమూనాలోకి మార్చకుండా నేరుగా కలిపేస్తే, మన ప్రాంతంలో తేడా వంద మీటర్లకు పైనే వస్తుంది. అప్పుడు ఊళ్లు ఊళ్లలాగే, కాలవలు కాలవల్లాగే ఉంటాయి. కాలవకు కుడి పక్కనున్న చేను మాత్రం ఎడమ పక్కకు చేరుతుంది.

ఇక ఈ చదువుకు పునాది మన ఇళ్లలోనే ఉందంటే అతిశయోక్తి కాదు. ఏ ఇంట్లోనైనా బీరువా తెరిచి భూమి క్రయ దస్తావేజు చూడండి. తూర్పున ఫలానావారి మాగాణి, దక్షిణాన డొంక, పడమర పంటబోదె, ఉత్తరాన మరొకరి మెట్ట అని నాలుగు హద్దులు రాసి ఉంటాయి. అక్షాంశ రేఖాంశాలు ఒక్కటీ ఉండవు. అయినా ఆ చేను ఏదో ఊరందరికీ తెలుసు, ఎందుకంటే అందులో రాసింది దేని పక్కన ఏముందనే సంబంధం. జీఐఎస్ పాఠ్యపుస్తకాల్లో టోపాలజీ అనే అధ్యాయం చెప్పేది సరిగ్గా దీన్నే. బహుభుజులు, నోడ్లు అంటూ మొదలుపెట్టే బదులు తాతగారి దస్తావేజు తెచ్చుకోమంటే ఆ అధ్యాయం ఒక గంటలో అర్థమవుతుంది. అలాగే లింకుల్లో కొలతలు రాసిన పాత ఎఫ్‌ఎంబీ (చేల కొలతల పుస్తకం) నకలు ఒకటి చేతికిచ్చి, 66 అడుగుల గొలుసులో నూరు లింకులనీ, వెయ్యి చదరపు లింకులు ఒక సెంటు అనీ చెప్పి, చేలో నిలబెట్టి గట్టు ఎక్కడ వంపు తిరిగిందో వెతికించాలి. 2020 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన రీసర్వేతో సర్వేయర్ల చేతుల్లోకి రోవర్లు (ఉపగ్రహ సంకేతాలతో చోటును కొలిచే పరికరాలు) వచ్చాయి. అవి నిలబెట్టిన చోటును సెంటీమీటర్ల తేడాలో చెబుతాయి. ఎక్కడ నిలబెట్టాలో మాత్రం వాటికి తెలియదు. అరిగిపోయిన గట్టు మీద ఇద్దరు అన్నదమ్ములు చెరొక చోటు చూపుతుంటే, పాత కొలత, ఇప్పటి సాగు, ఇరుగుపొరుగు సాక్ష్యం మూడింటినీ కలిపి చదవగలిగినవాడే ఆ పనికి అక్కరకొస్తాడు.

జిల్లాల విభజనను కూడా పాఠంగా చెప్పవచ్చు. 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయినప్పుడు, అవే 2011 జనాభా లెక్కలు పాత పటం మీద ఒకలా, కొత్త పటం మీద ఇంకోలా కనిపించాయి. పూర్వపు విశాఖపట్నం జిల్లా అక్షరాస్యత సగటులో నగరమూ, పాడేరు మన్యమూ కలిసిపోయి రెంటి సంగతీ తెలియకుండా పోయేది. మనుషులు మారకుండానే, గీత జరిగినంత మాత్రాన పటం చెప్పే కథ మారిపోతుందని తెలిసినవాడు రంగుల పటం చూపించి ఎవరు ఏ వాదన చేసినా ముందు ఆ గీతలు ఎవరు గీశారని అడుగుతాడు.

పరిస్థితి ఇలా ఉండటానికి కారణాలు కొత్తవి కావు. ఇంటర్మీడియట్‌లో భూగోళశాస్త్రం దొరికే కళాశాలలు బహు అరుదు. పదో తరగతి తరువాత పటం ముట్టని విద్యార్థి అయిదేళ్లకు నేరుగా పీజీలో జీఐఎస్ ల్యాబులో కూర్చుంటాడు. క్షేత్ర పర్యటనకు బస్సు ఖర్చు, అనుమతులు, బాధ్యత అన్నీ అధ్యాపకుడి మెడకే చుట్టుకుంటాయి కాబట్టి అది క్రమంగా ఒక రోజు విహారయాత్రగా మారిపోయింది. విచిత్రమేమంటే బాలానగర్‌లో జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం, దగ్గర్లోని షాద్‌నగర్‌లో ఉపగ్రహ సమాచారం అందుకునే కేంద్రం, ఉప్పల్‌లో సర్వే ఆఫ్ ఇండియా శిక్షణ సంస్థ ఉన్న హైదరాబాద్ మన మధ్యే ఉంది. 2021 ఫిబ్రవరిలో పటాల తయారీపై ఆంక్షలు సడలించి, 2022 డిసెంబరులో జాతీయ జియోస్పేషియల్ విధానం ప్రకటించిన తరువాత ఈ రంగంలో అవకాశాలు పెరిగే వీలుంది. కాని మెనూ మాత్రమే నేర్చుకున్న పిల్లలకు వాటిలో దక్కేది ఉపగ్రహ చిత్రాల మీద రోడ్ల వెంట, ఇళ్ల అంచుల వెంట రోజంతా గీతలు గీసే పని. ఆ పనిని ఇప్పుడు యంత్రమే చాలావరకు చేసిపెడుతోంది.

ఉద్యోగమిచ్చేవారు సాఫ్ట్‌వేర్ వచ్చా అనే అడుగుతారు కదా అని మిత్రులు నాతో వాదిస్తారు. ఆ మాటలో నిజం లేకపోలేదు, సాఫ్ట్‌వేర్ నేర్పవద్దని నేననడం లేదు. క్యూజీఐఎస్ లాంటిది పైసా ఖర్చు లేకుండా దొరుకుతున్నప్పుడు చురుకైన విద్యార్థి దాన్ని రెండు నెలల్లో సొంతంగా పట్టుకోగలడు. ఎవరి సాయమూ లేకుండా పట్టుకోలేనిది చోటును బట్టి ఆలోచించడం, అంటే మెరకా పల్లమూ, దగ్గరా దూరమూ, ఎగువా దిగువా దేన్ని ఎలా మారుస్తాయో చూడగలగడం. అందుకే మొదటి సెమిస్టర్‌లో సగం రోజులు విద్యార్థులను కంప్యూటర్ ముట్టనివ్వకుండా ఒక గ్రామ పటం, ఒక టోపోషీటు, ఒక గొలుసు ఇచ్చి ఒక చెరువు ఆయకట్టు మొత్తం నడిపించాలని విశ్వవిద్యాలయాల పాఠ్యప్రణాళికా సంఘాలను కోరుతున్నాను. ఈ పాఠం భూగోళశాస్త్ర విద్యార్థులకే పరిమితం కానక్కర్లేదు. రేపు తహసీల్దారో, వ్యవసాయాధికారో, జిల్లా వైద్యాధికారో కాబోయే పిల్లలకు కూడా డిగ్రీలోనే ఒక సెమిస్టర్ పెట్టవచ్చు.

మీకూ ఒక విన్నపం. ప్రవేశాల సమయంలో మీ విద్యా పేజీలో ఈ కోర్సుల జాబితా వేసేటప్పుడు సీట్లు, ఫీజులతో పాటు మరొక గడి చేర్చి, ఆ కోర్సులో విద్యార్థులు ఏడాదికి ఎన్ని రోజులు గది బయట, నేల మీద పనిచేస్తారో కళాశాలలను అడిగి ప్రచురించండి. మా ఊరి తండ్రికి నేను చివరకు చెప్పింది కూడా అదే: చేర్పించే ముందు అక్కడికి వెళ్లి ఆ ఒక్క అంకె అడగండి, సున్నా అయితే ఆ డబ్బుతో అబ్బాయికి మంచి ల్యాప్‌టాప్ కొనివ్వండి.

భవదీయుడు,
విశ్రాంత భూగోళశాస్త్ర అధ్యాపకుడు,
గుంటూరు