నాచెజ్ ‘నదీతీర రుచుల యాత్ర’లో భోజన ఏర్పాట్ల వైఫల్యంపై ఫిర్యాదు

వినియోగదారుల సేవా విభాగం అధికారి గారికి,

నమస్కారములు.

విషయం: గత మార్చి నెలాఖరున మేము చేసిన నాచెజ్ యాత్రలో భోజన ఏర్పాట్లు జరగకపోవడం, మాకు రావలసిన 645 డాలర్ల వాపసు, మీ ప్రకటనలో చేయవలసిన మార్పులు.

డాలస్ శివారులో ఉండే మా కుటుంబం నలుగురం, అంటే నేను, మావారు, పద్నాలుగేళ్ల మా అబ్బాయి, ఆరు నెలలు మాతో గడపడానికి రాజమహేంద్రవరం నుంచి వచ్చిన మా అమ్మ, మీ సంస్థ తెలుగులో ఇచ్చిన ప్రకటన చూసి మిసిసిపీ రాష్ట్రంలోని నాచెజ్‌కు శుక్రవారం సాయంత్రం నుంచి సోమవారం మధ్యాహ్నం వరకు యాత్ర బుక్ చేసుకున్నాము. కారు మాదే. పాత భవనాల టిక్కెట్లు మేమే కొనుక్కోగలం. మీకు డబ్బు కట్టింది ముఖ్యంగా భోజనాల కోసమే, ఎందుకంటే ‘ఎక్కడ తినాలో మాకు వదిలేయండి’ అన్నది మీ ప్రకటనలో అన్నిటికన్నా పెద్ద అక్షరాలతో ఉన్న వాక్యం. ఆరు పూటల భోజనానికి పూటకు, మనిషికి 45 డాలర్ల చొప్పున మొత్తం 1,080 డాలర్లు చెల్లించాము. మా అమ్మ శాకాహారి కాబట్టి ‘ప్రత్యేక ఆహార ఏర్పాటు’ పేరిట మరో 60 డాలర్లు తీసుకున్నారు. బుకింగ్ పత్రంలో నేను ఆమె మాంసం, చేప, గుడ్డు తినరనీ, మాంసం ఉడికిన నీళ్లు గానీ జంతువుల కొవ్వు గానీ తగిలినవి కూడా పనికిరావనీ స్పష్టంగా రాశాను. ‘మీ సూచనలు ఆయా భోజనశాలలకు తెలియజేశాము’ అని మీ కార్యాలయం నుంచి నాకు ఈమెయిల్ వచ్చింది. ఆ ఈమెయిల్ ప్రతిని ఈ లేఖకు జతచేస్తున్నాను, ఎందుకంటే నా ఫిర్యాదు అంతా ఆ ఒక్క వాక్యం మీదే ఆధారపడి ఉంది.

శనివారం మధ్యాహ్నం జరిగినది ముందుగా చెబుతాను.

మీరు పంపిన చోటు ఒక చిన్న కుటుంబం నడుపుకునే హోటలు. మా అమ్మకు ‘వెజిటబుల్ ప్లేట్’ అని మీ కాగితంలోనే రాసి ఉంది. అక్కడి అమ్మాయి ఆ కాగితం చూసి పళ్లెం తెచ్చి పెట్టింది. పళ్లెంలో ఉడికించిన కాలర్డ్ ఆకుకూర, బొబ్బర్లు, బెండకాయ, ఒక మొక్కజొన్న రొట్టె ముక్క ఉన్నాయి. మా అమ్మ ముఖం వికసించింది. ఇన్నాళ్లుగా అమెరికాలో బయట తినడమంటే జున్ను వేసిన రొట్టె తప్ప వేరే గతి లేదనుకున్న మనిషికి, ఇంత దూరంలో ఒక నది ఒడ్డు ఊళ్లో బొబ్బర్లూ బెండకాయలూ కనిపించడం చుట్టాలు కనిపించినట్టే అనిపించింది. ‘మన గోదావరి ఒడ్డున పెట్టినట్టే పెట్టారే’ అని రెండు చెంచాల ఆకుకూర, ఒక చెంచా బొబ్బర్లు తిన్నారు. మూడోసారి ఆకుకూర తీసుకున్నప్పుడు చెంచాతోపాటు దారంలా సాగిన గులాబీ రంగు పీచు ఒకటి, దానికి అంటుకుని పలుచని తోలు పైకి వచ్చాయి. ఆమె చెంచా పళ్లెంలో పెట్టి, చెయ్యి ఒడిలోకి తీసుకుని, నా వైపు చూసి ‘ఇదేమిటమ్మా’ అని మాత్రం అడిగారు. అది పంది మాంసం.

వంటావిడ బయటికి వచ్చి, విషయం విని, ఎంతో బాధపడ్డారు. కాలర్డ్, టర్నిప్, ఆవ ఆకులను పొగబెట్టిన పంది కాలిముక్కతో గంటలకొద్దీ మరిగించడం ఆ ప్రాంతపు పద్ధతి అనీ, బొబ్బర్లకూ అదే రుచి వేస్తారనీ, మొక్కజొన్న రొట్టెను చాలా ఇళ్లలో బేకన్ కొవ్వు రాసిన ఇనుప మూకుడులో కాలుస్తారనీ ఆవిడ దాపరికం లేకుండా చెప్పారు. బెండకాయలను చేపలు వేయించిన నూనెలోనే వేయించామని కూడా చెప్పారు. అక్కడ ‘వెజిటబుల్ ప్లేట్’ అంటే కూరగాయలతో కూడిన పళ్లెమే గానీ మాంసం తగలని పళ్లెం కాదు. ఆ తర్వాత ఆవిడ అన్న మాటను మీ సంస్థ జాగ్రత్తగా చదవాలని కోరుతున్నాను. ముందు రోజు ఎవరైనా ఒక్క ఫోన్ చేసి ఉంటే ఒక చిన్న గిన్నెలో ఉల్లిపాయ, మిరప వెనిగరు, నూనె వేసి విడిగా వండి ఉంచేదాన్ననీ, తమకు ఎవరూ ఫోన్ చేయలేదనీ, ఈమెయిల్ కూడా రాలేదనీ ఆవిడ చెప్పారు. నాలుగు పళ్లేలకు మీ పేరిట బుకింగ్ ఉంది. అందులో శాకాహారం అన్న మాటే లేదు.

మా అమ్మ బసకు వచ్చి తలస్నానం చేసి, ఆ సాయంత్రం వరకు ఏమీ ముట్టుకోలేదు. ఆమెకు డెబ్బై ఒక్క ఏళ్లు. పుట్టి బుద్ధెరిగాక ఆమె నోట మాంసం పడడం అదే మొదటిసారి. ‘వాళ్లనేమీ అనకు. ఎవరైనా చెబితే కదా వాళ్లకు తెలిసేది’ అని ఆమె నాతో అన్నారు. వాళ్లను నేనూ ఏమీ అనడం లేదు. చెప్పడానికి 60 డాలర్లు తీసుకుని చెప్పనివారికి ఈ లేఖ రాస్తున్నాను.

ఫోన్ చేసినంత మాత్రాన అక్కడి వంటిళ్లలో ఇలాంటివి కుదరవని మీ ప్రతినిధి నాతో అన్నారు. కుదురుతుంది. ఆదివారం మధ్యాహ్నపు భోజనానికి మీరు పెట్టిన మరో చోటికి ఆ ఉదయం నేనే ఫోన్ చేశాను. మాట్లాడింది మూడు నిమిషాలు. మేము వెళ్లేసరికి నీళ్లలో ఉడికించి వెన్న వేసిన గ్రిట్స్, అంటే మన మొక్కజొన్న రవ్వ జావ లాంటిది, కొత్త నూనెలో వేయించిన పచ్చి టమాటాలు, విడిగా ఉడికించిన బొబ్బర్లు సిద్ధంగా ఉన్నాయి. టమాటాల పైపిండిలో గుడ్డు వేయకుండా మజ్జిగలో ముంచి వేయించామని అడగకముందే చెప్పారు. మా అమ్మ కడుపు నిండా తిన్నారు. శనివారం రాత్రి భోజనం కూడా, మావారు వంటగది వారితో స్వయంగా మాట్లాడిన తర్వాత, సక్రమంగానే జరిగింది. కాబట్టి ఆ రెండు పూటలకు నేను డబ్బు అడగడం లేదు, ఆ పని మీరు చేయకపోయినా.

మిగిలిన లోపాలను క్లుప్తంగా రాస్తాను. శుక్రవారం రాత్రి గుట్ట కింద మిసిసిపీ నది పక్కన భోజనమని మీరు రాశారు. ఆ ఊరు నదికి సుమారు 200 అడుగుల ఎత్తున గుట్ట మీద ఉంటుంది; సిల్వర్ వీధి దిగితే ఒకప్పటి పడవల రేవు ‘అండర్ ది హిల్’ వస్తుంది. ఆరు గంటలకు పైగా కారు నడిపి, నదికి అవతలి ఒడ్డున ఉన్న విడేలియా ఊరి దగ్గర వంతెన దాటి, అమ్మ చెయ్యి పట్టుకుని ఆ వాలు దిగాము. మీ పేరిట అక్కడ రిజర్వేషను లేదు. అది వసంతకాలపు పిల్‌గ్రిమేజ్ సమయం. 1932 నుంచి ఆ ఊరివారు ఈ రోజుల్లో తమ పాత ఇళ్లను సందర్శకులకు తెరుస్తున్నారని మీ ప్రకటనలో మీరే గొప్పగా రాశారు. ఊరు నిండిపోయే రోజులని తెలిసి కూడా బల్ల బుక్ చేయకపోవడానికి కారణం నాకు అర్థం కాలేదు. గంటన్నర నిలబడి, చోటు దొరకక, తిరిగి గుట్ట ఎక్కి, డాలస్ నుంచి కట్టుకొచ్చిన పులిహోర తిన్నాము. ఆదివారం రాత్రికీ, సోమవారం మధ్యాహ్నానికీ మీరు రాసిన రెండు చోట్లకూ తాళాలు వేసి ఉన్నాయి. అమెరికా దక్షిణాది చిన్న ఊళ్లలో కుటుంబాలు నడిపే హోటళ్లు ఎన్నో ఆదివారం సాయంత్రం, సోమవారం సెలవు తీసుకుంటాయి. తలుపు మీద ఆ వేళలు రాసే ఉన్నాయి. మా అబ్బాయి ఆ రాత్రి పెట్రోలు బంకులో కొన్న చిప్సు తిన్నాడు. సోమవారం మీ ప్రతినిధికి ఫోన్ చేస్తే ‘పిజ్జా తెప్పించుకుని సర్దుకోండి’ అన్నారు. తర్వాత ఊరట కింద వచ్చే యాత్రలో వాడుకోమని 25 డాలర్ల కూపను పంపారు. దాన్ని నేను స్వీకరించడం లేదు.

డబ్బు సంగతి పక్కన పెట్టి, మీ ప్రకటన గురించి కూడా రాయవలసి ఉంది. నాచెజ్ భోజనాన్ని మీరు ‘జమీందారీ వైభవపు రాజభోజనం’ అని వర్ణించారు. ఫ్రెంచివారు 1716లో రోసలీ కోట కట్టడంతో మొదలైన ఆ ఊరు తర్వాత పత్తి మీద ఎంత సంపాదించిందో ఆ భవనాల స్తంభాలు చూస్తే తెలుస్తుంది. కానీ ఆ వంట జమీందార్లు వండింది కాదు. ఆఫ్రికా నుంచి బలవంతంగా తెచ్చిన మనుషులూ వారి బిడ్డలూ వండింది. మా అమ్మ చూసి మురిసిన బెండకాయ, బొబ్బర్లు రెండూ ఆఫ్రికా నుంచే ఆ గడ్డ మీదికి వెళ్లాయి. ‘గంబో’ అన్న మాటే బెండకాయకు ఆఫ్రికా భాషల్లో ఉన్న పేరు నుంచి వచ్చింది. ఆకుకూరలో పంది కాలిముక్క వేసే అలవాటు కూడా, మంచి మాంసం దొరల బల్లకు పోగా మిగిలిన ముక్కలతో ఆకుకు రుచి తెచ్చుకున్న వంటిళ్లలో బలపడిందే. 1863 వరకు బానిసల్ని అమ్మిన ‘ఫోర్క్స్ ఆఫ్ ది రోడ్’ సంత స్థలం ఊళ్లోనే ఉంది. మీ మూడు రోజుల కార్యక్రమంలో దానికి పది నిమిషాలు కూడా లేవు. మేమే వెళ్లాము. ఆ స్థలంలో నిలబడి వచ్చాక మీ కరపత్రంలోని ‘రాజభోజనం’ అన్న మాటను మా అబ్బాయికి ఎలా వివరించాలో నాకు తెలియలేదు. ఈ చరిత్ర తెలిసిన మనిషి మీ కార్యాలయంలో ఒక్కరు ఉన్నా, అక్కడి ఆకుకూరలో మాంసం ఉంటుందన్న సంగతి కూడా తెలిసి ఉండేది. ఆ రెండూ ఒకే విషయమని నా అభిప్రాయం.

మీ వద్ద ఇదే యాత్రకు డబ్బు కట్టే తెలుగు కుటుంబాలు ఇంకా ఉంటాయి కాబట్టి, మేము అడిగి తెలుసుకున్న నాలుగు మాటలు మీ పత్రంలో చేర్చమని కోరుతున్నాను. అక్కడి బిస్కెట్ మనం టీలో ముంచుకునేది కాదు, మజ్జిగతో కలిపి కాల్చిన మెత్తని రొట్టె. కొందరు వెన్నతో చేస్తారు, కొందరు పంది కొవ్వుతో చేస్తారు, కాబట్టి ప్రతిచోటా అడగాలి. ఆ ప్రాంతంలో పేరున్న టమాలీలు మొక్కజొన్న పిండిలో మాంసం కూరి, కండె పొట్టులో చుట్టి, కారపు రసంలో ఉడికించినవి. శాకాహారులకు అవి పనికిరావు, మాంసం తినేవారు మాత్రం వదలకూడదు, మావారు రెండుసార్లు తిన్నారు. స్టాంటన్ హాల్ అనే పాత భవనం ఆవరణలో ఉన్న ‘క్యారేజ్ హౌస్’ భోజనశాల వేయించిన కోడికీ, ఒక్క కొరుకుకు సరిపోయే చిన్న బిస్కెట్లకూ పేరుపడింది. ఊరి గురించి కాస్త చదివినవారికి కూడా తెలిసే ఆ చోటు మీ జాబితాలో లేదు. పెకాన్ పప్పుతో చేసే ప్రాలీన్ మిఠాయిని మా అమ్మ మన జీడిపప్పు పాకంతో పోల్చారు. అన్నంలో, గ్రేవీలో, సూపులో కోడి మాంసపు నీళ్లు వాడతారు కాబట్టి వాటిని కూడా అడగాలి.

నేను కోరుతున్నవి ఇవి. జరగని మూడు పూటల భోజనాలకు నలుగురికి 540 డాలర్లు, శనివారం మధ్యాహ్నం మా అమ్మ పళ్లేనికి 45 డాలర్లు, చేయని ప్రత్యేక ఏర్పాటుకు తీసుకున్న 60 డాలర్లు, మొత్తం 645 డాలర్లు మేము చెల్లించిన కార్డుకే తిరిగి జమ చేయాలి. భోజనశాలలకు సూచనలు తెలియజేశామని రాసిన ఈమెయిల్‌కు ఆధారం ఏమిటో, ఎవరికి, ఏ రోజు తెలియజేశారో లిఖితపూర్వకంగా చెప్పాలి. తెలియజేయకుండానే అలా రాసి ఉంటే ఆ మాట ఒప్పుకుంటూ మా అమ్మ పేరిట తెలుగులో క్షమాపణ లేఖ పంపాలి. ఆమె ఇంగ్లీషు చదవలేరు. ఇకపై ఈ యాత్రకు శాకాహారుల వద్ద ప్రత్యేక రుసుము తీసుకునే ముందు, ప్రతి వంటగదితోనూ మాట్లాడి, వారు ఏమి వండి పెడతామన్నారో ప్రయాణానికి వారం ముందే ప్రయాణికులకు పంపాలి.

ఈ లేఖ అందిన 15 రోజులలోగా జవాబు రాకపోతే, మా కార్డు ఇచ్చిన బ్యాంకు వద్ద ఈ చెల్లింపుపై అభ్యంతరం నమోదు చేసి, మా రాష్ట్రంలో వినియోగదారుల ఫిర్యాదులు స్వీకరించే కార్యాలయానికి ఈ లేఖ ప్రతిని పంపుతాను. బుకింగ్ పత్రం, మీ ఈమెయిల్, రసీదులు, మూసి ఉన్న రెండు భోజనశాలల తలుపుల ఫోటోలు జతచేశాను. మా అమ్మ జూన్ రెండో వారంలో రాజమహేంద్రవరం తిరిగి వెళ్తున్నారు. క్షమాపణ లేఖ ఆలోపు ఆమె చేతికి అందేలా చూడగలరు.

ఇట్లు,
భవదీయురాలు,
బుకింగ్ చేసిన ప్రయాణికురాలు,
డాలస్, టెక్సస్