చిట్టికి, ఇంట్లో చేసుకునే ప్రైమర్ గురించి

కాల్గరీ,
మార్చి నెల

చిట్టీ,

ఎలా ఉన్నావే? ఇక్కడ మేమంతా కులాసా. మార్చి వచ్చినా ఇంకా మంచు కరగలేదు. ఇంట్లో హీటర్ గాలికి పెదాలు, చేతులు పగిలిపోతున్నాయి. అక్కడ అప్పుడే ఉక్కపోత మొదలైందని అమ్మ చెప్పింది. నాన్న పొద్దున్నే ఆర్కే బీచ్‌కి నడకకి వెళ్తున్నారా? ఎండెక్కక ముందే ఇంటికి వచ్చేయమను.

నువ్వు అడిగినవన్నీ ఫోన్లో చెబితే సగం వింటావు, సగం మర్చిపోతావు. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. దీన్ని దాచుకో.

మద్దిలపాలెం నుంచి రుషికొండ ఆఫీసుకి బండి మీద వెళ్లేసరికి ముక్కు పక్కన, గడ్డం మీద మేకప్ చారలు కట్టేస్తోందన్నావు. మేకప్‌కి ముందు రాసే ప్రైమర్ కొని రాస్తే నుదుటి నిండా చిన్న చిన్న పొక్కులు లేచాయన్నావు. ఇంట్లోనే, సహజమైన వాటితో చేసుకోవచ్చా అని అడిగావు. చేసుకోవచ్చు. మన డాబా మీద కుండీలో ఉన్న కలబందతోనే వైజాగ్ గాలికి సరిపడేది తయారవుతుంది. కాకపోతే అది ఏం చేస్తుందో, ఏం చెయ్యదో ముందు తెలుసుకో.

ప్రైమర్ పని రెండే రెండు. చర్మం మీది గరుకుని కాస్త సమం చెయ్యడం, పైన వేసే ఫౌండేషన్ జారిపోకుండా పట్టుకోవడం. మన నానమ్మ పెళ్లిళ్లకి వెళ్లేటప్పుడు ముందు స్నో రాసుకుని, అది ఇంకాక పౌడర్ అద్దుకునేది చూడు, ఆ స్నో చేసింది ఈ పనే. స్టియరిక్ యాసిడ్ అనే కొవ్వు పదార్థంలో కొంత భాగాన్ని క్షారంతో సబ్బుగా మార్చి, నీళ్లు, గ్లిజరిన్ కలిపి దాన్ని తయారు చేసేవారు. రాయగానే కంటికి కనబడకుండా పోయి, జిడ్డు లేని పలచటి పొర మిగిలేది. పౌడర్ దానికి అంటుకునేది. అఫ్గాన్ స్నో అనే రకం బొంబాయిలో 1919లోనే మొదలైంది. కాబట్టి ఇదేదో నిన్న మొన్న విదేశాల నుంచి ఊడిపడ్డ సంగతని అమ్మ కంగారు పడక్కర్లేదు.

ఇప్పుడు షాపుల్లో దొరికే ప్రైమర్లలో చాలావాటికి ఆధారం డైమెథికోన్ లాంటి సిలికోన్లు. అవి రంధ్రాల్లో, గీతల్లో నిండి పైన నున్నటి పొరగా పరుచుకుంటాయి. ముఖానికి అవేం విషం కాదు చిట్టీ, భయపడకు. యూరప్‌లో డీ4, డీ5 అనే రెండు రకాల సిలికోన్లు షాంపూ లాంటి, రాసి కడిగేసే సరుకుల్లో 0.1 శాతానికి మించకూడదని 2020 నుంచి నిబంధన ఉంది. అవి నీళ్లలోకి చేరి, త్వరగా విచ్ఛిన్నం కాకుండా పేరుకుపోతాయనే ఆ నిబంధన పెట్టారు. నీ పొక్కులకి కారణం సిలికోనే కానక్కర్లేదు, అందులో కలిపిన సువాసన కావచ్చు, రాత్రి మేకప్ సరిగ్గా తీయకపోవడం కావచ్చు. ఏదైనా ఆ సీసా పక్కన పెట్టెయ్. పొక్కులు పూర్తిగా తగ్గేదాకా ఇంట్లో చేసింది కూడా నుదుటికి రాయకు.

ఇక తయారీ. కలబందలో అడుగున ఉండే ముదురు మట్ట ఒకటి మొదలంటా కోసి, కోసిన వైపు కిందికి పెట్టి గ్లాసులో నిలబెట్టు. పసుప్పచ్చటి రసం కారుతుంది. అది పూర్తిగా కారిపోవాలి, పావుగంట, అవసరమైతే ఇంకాసేపు. మూలికల కొట్లో నల్లగా, చేదుగా అమ్మే ముసాంబరం ఈ రసం ఎండిందే. అది ముఖానికి తగిలితే దురద, మంట. కలబంద పడలేదని చెప్పేవాళ్లలో కొందరికి అసలు పడనిది ఈ పసుపు రసమే. తర్వాత మట్టని బాగా కడిగి, ముళ్ల అంచులు తీసేసి, పై తొక్క చెక్కి, లోపలి తెల్లటి గుజ్జుని ఇంకోసారి నీళ్లలో జాడించు. ఆకుపచ్చ తునక ఒక్కటి కూడా మిగలకూడదు. మిక్సీలో ఒక్కసారి తిప్పితే నురగ వస్తుంది, ఆ నురగ అణిగేదాకా ఆగి పలచటి గుడ్డలో వడగట్టు.

ఆ గుజ్జు నాలుగు టీస్పూన్లు తీసుకుంటే, రోజ్ వాటర్ ఒక టీస్పూను, గ్లిజరిన్ పావు టీస్పూను, పాలగుండ పొడి అర టీస్పూను. అంతే. పాలగుండ అంటే వేసవిలో ఒంటికి చలవ అని అమ్మ జావ కాచి ఇచ్చేదే, పూర్ణా మార్కెట్లో దొరుకుతుంది. దొరక్కపోతే కార్న్‌ఫ్లోర్ వాడు. గ్లిజరిన్ మందుల షాపులో అడుగు. రోజ్ వాటర్ కొనేటప్పుడు సీసా వెనక చదువు, రంగు, సెంటు కలిపింది వద్దు.

కలిపే వరుస కూడా ముఖ్యమే. ముందు పాలగుండని రోజ్ వాటర్‌లో ఉండలు లేకుండా కలుపు, తర్వాత గ్లిజరిన్, చివర్న కొంచెం కొంచెంగా కలబంద గుజ్జు. వేళ్ల మధ్య రాసి చూడు. మొదట చల్లగా, జారుడుగా ఉంటుంది. ఆరుతున్నకొద్దీ కాస్త జిగట తేలుతుంది. పూర్తిగా ఆరాక పొడిగా, నున్నగా అనిపిస్తుంది. మేకప్‌ని పట్టుకునేది మధ్యలో వచ్చే ఆ జిగటే. ఆరాక తెల్లటి పొడి రాలుతుంటే పాలగుండ ఎక్కువైనట్టు. ఎంతసేపటికీ అంటుకుంటూనే ఉంటే గ్లిజరిన్ ఎక్కువైనట్టు.

ఈ గ్లిజరిన్ దగ్గరే ఊరిని బట్టి లెక్క మారుతుంది. దాని గుణం తడిని లాక్కోవడం. మన సముద్రపు గాలిలో తేమకి కొదవ లేదు కాబట్టి చుక్క ఎక్కువైనా ముఖం బంకబంకగా అయి, బీచ్ రోడ్డు దుమ్మంతా దానికే పడుతుంది. ఇక్కడ కాల్గరీలో చలికాలం గాలి ఎంత పొడిగా ఉంటుందంటే, చిక్కటి గ్లిజరిన్ నేరుగా రాస్తే చర్మంలో ఉన్న తడినే బయటికి లాగేస్తుంది. అందుకే నేను దాని మీద క్రీమ్ రాయకుండా ఉండను. నీకు అది అక్కర్లేదు, పావు టీస్పూను దాటకు. జూన్‌లో ఉక్క మరీ ఎక్కువైనప్పుడు అందులో సగం చాలు.

ఇప్పుడు నేను గట్టిగా చెప్పాలనుకున్న మాట. ఇది కొద్దిగా చేసుకో, తాజాగా వాడుకో, మిగిలింది పారబొయ్యి. కలబంద గుజ్జులో నూటికి 98 పాళ్లకు పైగా నీళ్లే. నీళ్లున్న చోట క్రిములు పెరుగుతాయి, అవి పెరిగినట్టు మొదట్లో వాసన గానీ రంగు గానీ చెప్పవు. ఆంధ్రా యూనివర్సిటీలో ఫార్మసీ చదివినప్పుడు ఈ పాఠం విన్నాను గానీ, ఇక్కడ మందుల షాపు వెనక గదిలో రోజూ ఆయింట్‌మెంట్లు కలుపుతుంటే దాని విలువ ఇంకా బాగా తెలుస్తోంది. ప్రతి డబ్బా మీదా ఎప్పటిలోగా వాడాలో రాయనిదే బయటికి పంపం. షాపు సరుకుల్లో ప్రిజర్వేటివ్ వేసేది కూడా ఈ క్రిముల కోసమే. ఫినాక్సీ ఇథనాల్ లాంటిది యూరప్‌లో 1 శాతం లోపే వాడనిస్తారు. 'కెమికల్' అనగానే దాన్ని శత్రువుగా చూడకు, అది లేనప్పుడు ఆ జాగ్రత్తంతా మనమే పడాలి.

కాబట్టి చిన్న గాజు సీసా వేడినీళ్లలో మరిగించి, తడి లేకుండా ఆరబెట్టి అందులో పొయ్యి. ఫ్రిజ్‌లో పెట్టు. వేలు ముంచకు, శుభ్రమైన చెంచాతో తీసుకో. పాలగుండ అడుక్కి దిగుతుంది, వాడే ముందు కదుపు. నాలుగైదు రోజులు దాటితే, ఎంత బాగున్నట్టు కనిపించినా సింకులో పొయ్యి. అమ్మ వృథా అంటుంది, నా పేరు చెప్పు. కలబందకి బదులు షాపు జెల్ వాడొచ్చా అంటావేమో, వాడొచ్చు. కానీ మనం రోజ్ వాటర్ కలపగానే అందులోని ప్రిజర్వేటివ్ కూడా పలచబడుతుంది, దానికీ ఫ్రిజ్, ఆ నాలుగైదు రోజుల లెక్కే.

మొదటిసారి నేరుగా ముఖానికి పెట్టకు. మోచేతి లోపలి మడతలో కొంచెం రాసి రెండు రోజులు చూడు. ఎర్రబడకపోతే, దురద లేకపోతే అప్పుడు దవడ అంచున, ఆ తర్వాతే ముఖమంతా.

వేసుకునేటప్పుడు ముందు ముఖం కడుక్కుని తేలికపాటి మాయిశ్చరైజర్, దాని మీద సన్‌స్క్రీన్ రెండు వేళ్ల పొడవునా పిండినంత. అది కుదురుకోవడానికి కొన్ని నిమిషాలు ఆగు. తర్వాత ఈ ప్రైమర్ బఠాణీ గింజంత తీసుకుని ముక్కు పక్కన, గడ్డం మీద, నుదుటి మీద అద్దు. రుద్దితే కింది సన్‌స్క్రీన్ లేచి ఉండలు కడుతుంది. అది కాస్త ఆరి జిగట తేలాకే ఫౌండేషన్. సన్‌స్క్రీన్ మాత్రం కొన్నదే వాడు. జింక్ ఆక్సైడ్ పొడి తెచ్చి ఇందులో కలుపుకుంటే సరిపోతుంది కదా అని నీ ఫ్రెండ్ అన్నదట, ఆ మాట వినకు. చేత్తో కలిపితే ఆ పొడి ఒకచోట ముద్దకట్టి ఇంకోచోట అసలు ఉండదు, ఎండ ఏ మేరకు ఆగుతుందో పరీక్ష చేసి చూస్తే తప్ప తెలీదు. మన ఎండలో మధ్యాహ్నం బండి మీద తిరిగే పిల్లవి నువ్వు.

అమ్మ కొబ్బరినూనె రాసుకోమంటోందన్నావు. జుట్టుకి రాయమను. మేకప్ తీయడానికి మనం వాడేది నూనెనే కదా, దాన్నే కింద రాస్తే పైన మేకప్ ఎలా నిలుస్తుంది? పైగా మొటిమలు వచ్చే చర్మానికి అది రంధ్రాలు పూడుస్తుంది. నిమ్మరసం అసలే వద్దు. పీహెచ్ అంటే ఆమ్లగుణాన్ని కొలిచే అంకె, అది తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ. చర్మం స్వతహాగా కాస్త ఆమ్లగుణంతో, పీహెచ్ 5కి అటూ ఇటుగా ఉంటుంది. నిమ్మరసం 2 దగ్గర ఉంటుంది. అది రాసుకుని ఎండలోకి వెళ్తే బొబ్బలెక్కొచ్చు, ఆ మచ్చలు నెలల తరబడి పోవు. వంటసోడా కూడా వద్దు, అది క్షారం, ఇంకో కొస. గంధం మంచిదే, అమ్మ సానరాయి మీద తీసిన గంధం రాసుకుని కాసేపటికి కడిగేసుకో. మేకప్ కింద మాత్రం అది ఎండి పగుళ్లు తేలుతుంది.

ఇంకోటి, ఇది మర్చిపోకు. ముఖం తెల్లబడుతుందని మందుల షాపులో ట్యూబు ఇస్తే ప్రైమర్‌లో కలుపుకునే ఆడపిల్లలు ఉన్నారు. అలాంటి ట్యూబుల్లో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. మొదటి వారం ముఖం మెరుస్తుంది, రోజులు గడిచేకొద్దీ చర్మం పలచబడి, ఎర్రటి నరాలు తేలి, మానేస్తే మంట, మొటిమలు. 2018లో చర్మానికి రాసే స్టెరాయిడ్లను షెడ్యూల్ హెచ్ కింద చేర్చారు, అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. ఎవరైనా చేతిలో పెట్టినా తీసుకోకు. పక్కింటి పాపకి కూడా చెప్పు.

మే నెలలో సింహాచలంలో బుజ్జి పెళ్లికి ఇదే వేసుకుంటానన్నావు. రోజూ ఆఫీసుకి ఇది చాలు, నీ చర్మానికి హాయిగా కూడా ఉంటుంది. పెళ్లికి మాత్రం వద్దమ్మా. తెల్లవారుజామున ముహూర్తానికి వేసుకున్న మేకప్ భోజనాలయ్యేదాకా నిలవాలంటే సిలికోన్ ప్రైమర్‌కే సాధ్యం. కలబంద నీళ్ల స్వభావం కలది, చెమట బాగా పడితే కరుగుతుంది. పెళ్లికి చాలా రోజుల ముందే సెంటు లేని రకం చిన్నది ఒకటి కొనుక్కుని, మోచేతి మీద పరీక్ష చేసుకుని సిద్ధంగా ఉంచుకో. ఆ వేళ మేకప్‌కి ముందు గుడ్డలో చుట్టిన ఐసు ముక్క ఒక నిమిషం అద్దుకో, ముఖం చల్లబడి చెమట కాసేపు ఆగుతుంది.

నువ్వు వాడే ఫౌండేషన్ సీసా వెనక వైపు ఫోటో తీసి పంపు. అందులో మొదటి నాలుగైదు పేర్లు చూస్తే అది నీళ్లతో చేసిందో సిలికోన్‌తో చేసిందో చెప్పగలను. సిలికోన్‌తో చేసిందైతే ఈ కలబంద ప్రైమర్ మీద జారొచ్చు, అప్పుడు పాలగుండ ఇంకో చిటికెడు పెంచి చూద్దాం. నాన్న బీపీ మాత్రల పేరు, మోతాదు కూడా అదే ఫోటోలతో పంపు, పోయినసారి డాక్టరు మార్చారని అమ్మ అంది గానీ ఏదో చెప్పలేకపోయింది.

నీ అక్క