బడిలో నిప్పు జాగ్రత్తలు: జమా ఖర్చుల వివరణ, పర్లాకిమిడి

చందాదారులందరికీ నమస్కారం. మన వీధి బడి పిల్లలకి నిప్పు జాగ్రత్తలు నేర్పడానికి, బడిని అందుకు తగ్గట్టు సర్దడానికి మార్చి 31 వరకు వసూలైన పైకం లెక్క ఇది.

జమ: రసీదు పుస్తకాల మీద ఇంటింటి చందా రూ. 21,450. బజారు దుకాణాలు 12,000. పాత విద్యార్థులు పంపినది 8,500. వినాయక చవితి నిలవ 2,620. మొత్తం 44,570.

ఖర్చు: మంటలార్పే ఆరు కిలోల ఏబీసీ పౌడర్ (చాలా రకాల మంటలకి పనికొచ్చే పొడి) సిలిండర్లు నాలుగు, 9,400. కంప్యూటర్ గదికి కార్బన్ డయాక్సైడ్‌ది ఒకటి, 6,200. అక్కడ పౌడర్ కొడితే మంట ఆరినా కంప్యూటర్లు పాడైపోతాయి. వైరింగ్, ఎమ్‌సీబీలు (లోడు ఎక్కువైతే కరెంటు దానంతటదే ఆపేసే స్విచ్చులు) 7,850. మూడు గదుల తలుపులు బయటికి తెరుచుకునేలా మార్చడానికి 5,600. ఇసుక బకెట్లు, స్టాండు 4,160. మూత, తాళం ఉన్న ఇనప పెట్టెలు రెండు, 2,400. చేతిగంట 1,150. తెలుగు, ఒడియా పోస్టర్లు, శిక్షణ సామగ్రి, పిల్లల ఫలహారం కలిపి 4,580.

వాడడం నేర్పడానికి ఖాళీ చేసిన పాత సిలిండర్లు రెండింటికి రీఫిల్లు 1,300. బాగున్నవి ఖాళీ చేసి మళ్ళీ నింపించడమేమిటని కొందరు అడిగారు. గోడకి తగిలించింది చూస్తే వాడడం వచ్చేయదు. కంగారులో మీట నొక్కిపట్టి పిన్ను లాగుతారు, అప్పుడది బిగుసుకుని రాదు. ముందు పిన్ను తియ్యాలి, గొట్టం మంట మొదట్లోకి పెట్టాలి, తర్వాతే మీట నొక్కి అటూ ఇటూ ఊపాలి. గాలి మన వీపు వైపు నుంచి రావాలి. ఆరు కిలోల పౌడర్ అర నిమిషం కూడా రాదు, పైకెగసే మంట మీద కొడితే వృథాయే. ఇది టీచర్లకి, పై తరగతుల వాళ్ళకి మాత్రమే.

చిన్నపిల్లలకి సిలిండర్ జోలి లేదు. ఒంటిమీద బట్టలంటుకుంటే పరుగెత్తకుండా ఆగి, ముఖం కప్పుకుని, నేలమీద పడి దొర్లడం; పొగలో నేలబారున పాకడం; సంచులు వదిలేసి మైదానానికి రావడం; 101కి ఫోన్ చేస్తే ముందు చోటు చెప్పడం నేర్పించాం. గంట ఆపకుండా మోగితే నిప్పని గుర్తు. టీచరు చేతిలో హాజరు పట్టీ లేకపోతే మైదానంలో లెక్క తేలదు.

ఇనప పెట్టెలు ఎందుకంటే, కావాలని ముట్టించేవాడికి అగ్గిపుల్ల ఒక్కటే చాలదు, అంటుకునే సరుకు కావాలి. కిటికీ కింద పోగేసిన పాత పరీక్ష కాగితాలు, ఎండుటాకులు, విరిగిన బెంచీలు మనమే సమకూర్చి పెడుతున్నాం. కాగితాలు పెట్టెల్లోకి, బెంచీలు స్టోరుగదిలోకి వెళ్ళాయి. అగ్గిపెట్టెతో దొరికిన పిల్లవాణ్ణి పదిమందిలో కొడితే మానడు, చాటుకి పోతాడు. ఇంట్లోవాళ్ళని పిలిచి విడిగా మాట్లాడమని టీచర్లని కోరాం.

వంటపాక తాటాకు కప్పు తీసి రేకు వెయ్యడానికి మన నిధి నుంచి పైసా పోలేదు. రేకులు ఒక దాత ఇచ్చారు, పని తల్లిదండ్రులు చేశారు. 2004 జూలై 16న కుంభకోణంలో వంటగది నిప్పు బడి ఆకుల కప్పుకి పాకి 94 మంది పిల్లలు పోయారు కనక దీనిమీద ఎవరూ వాదించలేదు.

మొత్తం ఖర్చు 42,640. నిలవ 1,930, వచ్చే రీఫిల్లుకే. సిలిండర్లని నెలకోసారి తలకిందులు చేసి కదపాలి, లేకపోతే పౌడర్ అడుగున గడ్డకడుతుంది. సిలిండర్ మీద ఒత్తిడి చూపే ముల్లు పచ్చగీత దిగితే వెంటనే కమిటీకి చెప్పండి. బిల్లులు, రసీదు పుస్తకాలు రామమందిరంలో ఆదివారం సాయంత్రాలు ఎవరైనా చూసుకోవచ్చు.