ఆ ఈకలు లెక్కపెట్టడం ఆపరా

ఒరేయ్,

నీ పిచ్చుక బొమ్మ అందింది. ముక్కు బాగా కుదిరింది, కంట్లో ఆ తెల్ల చుక్క సరిగ్గా ఉండాల్సిన చోటే వదిలావు. కానీ మొహమాటం లేకుండా చెప్పమన్నావు కాబట్టి చెప్తున్నా, అది బతికున్న పిట్టలా లేదురా. నువ్వేమో ఇంకా ఖరీదైన పెన్సిళ్లు కొననా అని అడుగుతున్నావు. పెన్సిళ్లకేం రోగం, శుభ్రంగా ఉన్నాయి. ఫోన్‌లో ఫోటో జూమ్ చేసుకుని ఒక్కో ఈకనీ వెతికి వెతికి గీశావు చూడు, తిప్పలన్నీ అక్కడే మొదలయ్యాయి.

చాలా పక్షులకు ఈకలు ఒళ్లంతా మొలవవు. కొన్ని పట్టీల్లో వరసగా మొలుస్తాయి, మధ్య చర్మం ఖాళీగా ఉంటుంది, పక్క ఈకలు వచ్చి దాన్ని కప్పేస్తాయి. అందుకే పిట్టను కాస్త దూరం నుంచి చూస్తే మనకు ఈకలు కనపడవు, గుంపులు కనపడతాయి. చెంప మీద ఒక గుంపు, గొంతు కింద ఒకటి, వీపుకీ రెక్కకీ మధ్య ఒకటి, రెక్క మీద పెంకులు కప్పినట్టు వరసలు వరసలుగా పొట్టి ఈకలు, వాటి కింద నుంచి పొడుగువి. ఈ గుంపుల అంచుల్లో నీడ వేస్తే చాలు, మిగతా పని చూసేవాడి కన్నే చేసుకుంటుంది. విడిగా గీయాల్సినవి ఏమైనా ఉంటే ఆ పొడుగు ఈకలే. రెక్క చివరివి మన అరచేయి, వేళ్ల ఎముకలతో పోల్చదగిన ఎముకల నుంచి వస్తాయి, వాటి వెనకవి ముంజేతి ఎముక నుంచి. రెక్క ముడిస్తే చివరివి వెళ్లి వెనకవాటి కింద దూరిపోతాయి, కొసలు మాత్రం బయటికి కనిపిస్తాయి. నీ బొమ్మలో ఇది తిరగబడింది, మళ్లీ చూసుకో.

కాళ్ల సంగతి. పిట్ట మోకాలు వెనక్కి వంగుతుందని చాలామంది అనుకుంటారు, నువ్వూ అలాగే గీశావు. అక్కడ వంగేది మడమ. అసలు మోకాలు పైన పొట్ట దగ్గర ఈకల్లో దాక్కుని ఉంటుంది, బయటికి కనపడదు. నువ్వు తొడ అనేది ఒకటుందని మర్చిపోయి కాలుని నేరుగా పొట్ట కింద అతికించేశావు, అందుకే పాదాలు బాగా వెనక్కి వెళ్లిపోయి పిచ్చుక ముందుకు పడిపోయేలా ఉంది. ఒంటి బరువు ఉన్నచోటు నుంచి నిలువుగా కిందికి గీత గీసి చూడు, అది పాదాల దగ్గరికి రావాలి. వేళ్లు మాత్రం కరెక్టే, మూడు ముందుకి ఒకటి వెనక్కి. (రేపు చిలుకను గీస్తానంటావు, దానికి రెండు ముందుకి, రెండు వెనక్కి. ముందే చెప్తున్నా.)

ఇక నీ అసలు ఏడుపు, కదిలే పిట్టను ఎలా గీయాలిరా అని. పక్షుల బొమ్మలకు పేరుపడ్డ పాతకాలపు అమెరికా చిత్రకారుడు జాన్ జేమ్స్ ఆడుబాన్‌కి ఈ టెన్షన్ లేదు, పిట్టను తుపాకీతో కొట్టి, తీగలతో పోజులో నిలబెట్టి గీసేవాడు. 1827 నుంచి 1838 దాకా అచ్చయిన ఆయన బొమ్మలు 435, అన్నీ అసలు సైజులో, పెద్ద పక్షులు అంత పెద్ద కాగితంలోనూ పట్టక మెడలు వంచి ఇరికించాడు. మనం ఆ పని చేయలేం, చేయకూడదు కూడా. బైనాక్యులర్స్ ఉన్నాయి, ఓపిక ఉంది, అవి చాలు.

ఒక పేజీలో ఒకే బొమ్మ అనే పట్టుదల వదిలెయ్. మొదటి గీత ముక్కు నుంచి తోక దాకా, ఒళ్లు ఎంత ఏటవాలుగా ఉందో అది చెప్పాలి. తర్వాత ఒంటికి కోడిగుడ్డు ఆకారం, తలకి చిన్న గుండ్రం, అంతే. పిట్ట కదిలిందా, ఆ బొమ్మను అలాగే వదిలేసి పక్కన ఇంకోటి మొదలుపెట్టు. కాసేపటికి అది మళ్లీ పాత పోజుకే వస్తుంది, అప్పుడు నువ్వూ పాత బొమ్మ దగ్గరికి వెళ్లు. ఎగిరిపోయాక కళ్లు మూసుకుని గుర్తున్నంత వరకు గీసుకో. ఇలా చేస్తే పేజీ గలీజుగా ఉంటుంది నిజమే, కానీ ఆ పిట్ట ఎలా నిలబడుతుందో, ఎప్పుడు ఒళ్లు ఉబ్బిస్తుందో చేతికి తెలుస్తుంది. అది తెలిశాక ఫోటో ఎంతైనా వాడుకో, నాకేం అభ్యంతరం లేదు.

పిచ్చుక ఒక్కచోట ఉండదు కాబట్టి తెల్ల కొంగతో మొదలుపెట్టమంటాను. చేప కోసం చాలాసేపు కదలకుండా నిలబడుతుంది. దాని మెడ గొట్టంలా సాఫీగా వంగదు, ఆరో ఎముక దగ్గర మడతపడుతుంది. ఆ మడత సరిగ్గా పడితే సగం కొంగ వచ్చేసినట్టే. తెలుపు ఎలా వేయాలి అని అడక్కు, తెలుపు కాగితంలోనే ఉంది, నువ్వు వెనక నీళ్లనీ గడ్డినీ ముదురు చెయ్యి. తర్వాత కాకిని పట్టుకో, అక్కడ కథ రివర్స్. మెత్తటి పెన్సిల్‌తో గట్టిగా నొక్కేకొద్దీ గ్రాఫైట్ పొరలు కాగితం మీద పరుచుకుని మెరుస్తాయి, నల్లగా ఉండాల్సిన చోట వెలుతురు పడి బూడిద రంగు కనిపిస్తుంది. బాగా మెత్తటి 8బీ పెన్సిల్ కొన్నా ఇదే గొడవ (బీ ముందు అంకె పెరిగేకొద్దీ పెన్సిల్ మెత్తబడుతుంది). చెయ్యి తేలిక చేసి 2బీతో ఒక పొర, దాని మీద 4బీతో ఇంకోటి, అలా పెంచుకుంటూ పో. వీపు మీద ఎండ మెరిసే చోట మాత్రం కాగితాన్ని ముట్టుకోకు. ఆ మెరుపు ఉంటేనే మిగతాది నల్లగా కనపడుతుంది. లకుముకి పిట్ట నీలం గురించి కూడా భయం వద్దు, మనకి కావాల్సింది ఎక్కడ ముదురు, ఎక్కడ లేత అన్నదే. కళ్లు సగం మూసి చూస్తే రంగు పక్కకి పోయి అదే మిగులుతుంది.

వేలితో రుద్దడం మానెయ్, చేతి జిడ్డు అంటుకుంటే ఆ మరక తర్వాత పోదు. చెయ్యి కింద ఒక కాగితం పెట్టుకో. మెడ దగ్గర ఆ సన్న తెల్ల వెంట్రుకల్లాంటివి రబ్బరుతో రావట్లేదన్నావు. షేడ్ చేయకముందే, రీఫిల్ అయిపోయిన బాల్‌పెన్‌తో అక్కడ నొక్కి గీతలు గీసి, పైన పెన్సిల్ అడ్డంగా పట్టుకుని షేడ్ చెయ్యి, గీతల గుంటల్లోకి గ్రాఫైట్ దిగదు, తెల్లగా ఉండిపోతాయి. కానీ గీసేముందు బాగా ఆలోచించు, ఆ గుంటల్ని మళ్లీ పూడ్చలేం.

ఫిక్సేటివ్ స్ప్రే, అదే పెన్సిల్ గీతలు చెదరకుండా పట్టి ఉంచేది, గది బయట కొట్టు, దూరంగా పట్టుకుని పలచగా. కొట్టాక రబ్బరు సరిగ్గా పనిచేయదు, కాబట్టి తొందరపడకు. ఈసారి పూర్తయిన బొమ్మ పంపకురా, ఆ గలీజు పేజీలు పంపు, వాటి మీదే పెన్సిల్‌తో రాసి తిరిగి పంపుతా.